ఆప్షన్లు ముందు, పరిచయం తర్వాత

ఎంసెట్ పేరు మారి ఎప్‌సెట్ అయినా, ర్యాంకు వచ్చాక ఇళ్లలో జరిగే తంతు మారలేదు. ముందు పోయినేడాది లాస్ట్ ర్యాంకుల పట్టిక దింపుకుంటారు. కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్, కేటగిరీ, చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందన్న అంకె. వరసల మీద వేలు జరుపుతూ ఏ బాబాయో అంటాడు: "సీఎస్‌ఈ రాకపోతే సీఎస్‌ఎమ్ పెట్టు, అదీ రాకపోతే ఈసీఈ. సివిల్ కూడా చివర్లో పడేయరా, ఎందుకైనా మంచిది." ఏ బ్రాంచిలో ఏం చదవాలో ఆ పట్టికలో ఉండదు. నిరుడు ఎవరు దేనికి ఎగబడ్డారో ఉంటుంది. అది చూసి వీళ్లు ఎగబడతారు, దాన్నుంచి వచ్చే ఏటి పట్టిక పుడుతుంది.

అమెరికాలోని ఎమ్ఐటీలో చేరేవాళ్లకు బ్రాంచే ఉండదు. అక్కడ లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ అందరికీ తప్పనిసరి. ముఖ్యంగా ఏ సబ్జెక్టు చదవాలో, అంటే మేజర్ ఏదో, మొదటి ఏడాది చివర చెబుతారు. ఏ మేజర్‌కూ ఇన్నే సీట్లన్న లెక్క లేదు. ఏటా వెయ్యి పైచిలుకు మందిని చేర్చుకునే సంపన్న సంస్థతో మన రాష్ట్రాల కౌన్సెలింగ్‌ను పోల్చడం అన్యాయమే. అయినా మొదటి ఏడాదిని దేనికి వాడుకుంటున్నారన్న ఒక్క విషయంలో పోల్చక తప్పదు.

ఎందుకంటే మన మొదటి ఏడాదీ దాదాపు ఉమ్మడిదే. సీఎస్‌ఈలో చేరిన అమ్మాయి కూడా వర్క్‌షాపులో ఇనప పలకను వైస్‌కు బిగించి, ఆకురాయితో అరగదీసి వీ-ఫిట్ చేయాల్సిందే. రెండు ముక్కలూ జతచేసి వెలుతురుకేసి ఎత్తి పట్టుకుంటే సందులోంచి వెలుగు కనబడకూడదు. కనబడితే మళ్లీ ఆకురాయి. ఆ పని ఆ పిల్లకు తెగ నచ్చి మెకానికల్‌కు మారాలనిపించిందనుకోండి. మామూలుగా దారి లేదు. బ్రాంచి మార్చుకోవడానికి స్లైడింగ్ ఉందిగా అంటారేమో. అది మిగిలిన సీట్లు నింపుకునే ఏర్పాటు. ఆమె ఆకురాయి పట్టి ఆ పనిలో రుచి తెలుసుకునేసరికి అది ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది. పిల్లలకు అన్నీ చూపించే ఏడాది మన దగ్గరా ఉంది. కానీ సంతకాలన్నీ అయిపోయాక మొదలవుతుంది.

ఏడాది తర్వాత మారనిస్తే సరిపోతుందా అంటే, అదీ కాదు. కొన్ని ఐఐటీలు మొదటి ఏడాది గ్రేడ్లను బట్టి బ్రాంచి మార్చుకోనిచ్చాయి. జేఈఈ రాసి అలసిపోయిన పిల్లలు మళ్లీ అదే పరుగు అందుకున్నారు. ఆ ఒత్తిడి చూసి కొన్నిచోట్ల ఆ వీలునే ఎత్తేశారు. అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలోనూ అంతే. అక్కడి లెటర్స్ అండ్ సైన్స్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ మేజర్ కావాలంటే మూడు మొదటి కోర్సుల్లో సగటున 3.3 గ్రేడ్ పాయింట్లు రావాలనేవారు. 2023లో చేరినవాళ్ల నుంచి ఆ పద్ధతి పోయి, మేజర్ సంగతి చాలావరకు అడ్మిషన్‌తోనే తేలుస్తున్నారు. అమెరికాలో పిల్లలు నచ్చింది చదువుకుంటారని గొప్పగా చెప్పే మన ఎన్నారై బంధువులు ఈ కథ ఎందుకో ఎత్తరు.

ఎమ్ఐటీ తెలివి ఇక్కడే ఉంది. మొదటి సెమిస్టర్‌కు అక్కడ గ్రేడ్లు లెక్కలోకి రావు. గట్టెక్కితే పాస్ అని రాస్తారు, తప్పితే బయటికిచ్చే ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఆ కోర్సు ఊసే ఉండదు. తెలియని సబ్జెక్టులో వేలు పెట్టి చూడ్డానికి భయం అక్కర్లేదు. సీట్ల లెక్కా, మార్కుల లెక్కా రెండూ పక్కన పెడితేనే ఎంపికకు అర్థముంటుందని నాకు అనిపిస్తుంది. ఒకటి వదిలి ఒకటి ఉంచితే బర్క్‌లీ, ఐఐటీల కథే.

ఇంతా చేసి అక్కడ కూడా ఎక్కువమంది వెళ్లేది కంప్యూటర్స్‌కేగా అని ఎవరైనా ఎత్తిపొడవచ్చు. నిజమే, అక్కడ 'కోర్స్ 6' అని పిలిచే ఆ విభాగమే అన్నిటికంటే పెద్దది. తేడా దానివైపు వెళ్లనివాళ్లలో కనిపిస్తుంది. సివిల్ చదువుతున్నానంటే మన పెళ్లి పందిట్లో వెంటనే వచ్చే ప్రశ్న "ర్యాంకెంతొచ్చిందేంటి?" అని. ఎమ్ఐటీలో సివిల్‌ది 'కోర్స్ 1'. అందులో చేరిన పిల్లను ఆ ప్రశ్న అడగడానికి వీల్లేదు. ఆ సీటుకు ర్యాంకే లేదు.