పాట ఎవరిది, పట్టా ఎవరిది?

రోలింగ్ స్టోన్స్ గురించి రాసేవాళ్ళు చాలామంది ఒక రైల్వే స్టేషన్ దగ్గర మొదలుపెడతారు. 1961 అక్టోబరు, లండన్ పక్కన డార్ట్‌ఫర్డ్. మిక్ జాగర్ చేతిలో చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ రికార్డులు చూసి, చిన్నప్పటి స్నేహితుడు కీత్ రిచర్డ్స్ మాట కలిపాడు. బ్యాండు చరిత్ర అక్కడ మొదలైందట. మరి ఆ రికార్డుల్లో పాడినవాళ్ళ చరిత్ర? దాన్ని ‘ప్రభావం’ అనే ఒక్క మాటతో దాటేస్తారు. ఈ మాటను మనం అనుమానంగానే చూడాలి.

మడ్డీ వాటర్స్ మిసిసిపీలో తెల్ల భూస్వామి పత్తి ఎస్టేటులో పాలుకు సేద్యం చేసి, ట్రాక్టరు తోలిన నల్లమనిషి. 1943లో షికాగో చేరాడు. పల్లె బ్లూస్‌ను పట్నం రొదలో వినబడేట్టు కరెంటు గిటారు మీదికెక్కించాడు. 1950లో చెస్ కంపెనీకి అతను పాడిన ‘రోలిన్ స్టోన్’ నుంచే లండన్ కుర్రాళ్ళు తమ బ్యాండుకు పేరు తీసుకున్నారు. 1962 జులై 12న మార్కీ క్లబ్బులో ఆ పేరుతో మొదటి కచేరీ చేశారు.

వీళ్ళంతా బాగా కలిగినోళ్ళేం కాదు. బిల్ వైమన్ తండ్రి తాపీమేస్త్రి. రిచర్డ్స్ తండ్రి ఫ్యాక్టరీ కార్మికుడు. తెల్ల శ్రామికుల పిల్లలు నల్ల శ్రామికుల పాటలో తమ గొంతు వెతుక్కున్నారని మన వామపక్ష మిత్రులు మురిసిపోవచ్చు. కొంత నిజమే. కాని వర్గం దగ్గరే ఆగిపోతే రంగు కనబడదు, ఇక్కడ కులం కనబడనట్టే.

1963లో మేనేజరుగా వచ్చిన ఆండ్రూ లూగ్ ఓల్డమ్ చేసిన తొలి పనుల్లో ఒకటి చూడండి. పియానో వాయించే ఇయన్ స్టూవర్ట్‌ను రూపం కుదరలేదని, ఆరుగురు ఎక్కువని బ్యాండు నుంచి తప్పించాడు. సామాను మోయించడానికి, రికార్డింగులో వాయించడానికి మాత్రం అతను కావాలి! శ్రమ కావాలి, మొహం వద్దు. డప్పు కావాలి, కొట్టేవాడు గడప బయటే ఉండాలనే లెక్క తెలిసిన మనకు ఇదేం కొత్త గాదు.

రెండో పని ఇంకా ముఖ్యం. ఇతరుల పాటలు ఎంత బాగా పాడినా రాసినవాడి వాటా తమకు రాదు గదా. అందుకని మీరే రాయండని జాగర్, రిచర్డ్స్‌ల వెంటపడ్డాడు. 1964 ఏప్రిల్‌లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో వాళ్ళిద్దరి పేరు మీద ఒకటే పాట. 1965లో ‘సాటిస్‌ఫాక్షన్’ వచ్చేసరికి పట్టా చేతికొచ్చింది. పాట భూమైతే, రికార్డు మీద చిన్నక్షరాల్లో ఉండే ఆ పేరే పట్టా. మడ్డీ వాటర్స్‌కూ, విల్లీ డిక్సన్‌కూ తమ పాటల మీద పేరుంది. డబ్బు మాత్రం చెస్ సోదరులకు వాటా ఉన్న ఆర్క్ మ్యూజిక్ గుండా పోయేది. రావలసింది రాలేదని 1970లలో ఇద్దరూ కోర్టుకెక్కాల్సి వచ్చింది.

ఈ కుర్రాళ్ళు దొంగలని తీర్పు చెప్పడం తేలిక. నేను చెప్పను. డిక్సన్ రాసిన ‘లిటిల్ రెడ్ రూస్టర్’ను డిక్సన్ పేరుతోనే 1964 డిసెంబరులో బ్రిటన్‌లో మొదటి స్థానానికి తీసుకుపోయారు. 1965 మేలో అమెరికా టీవీలో ‘షిండిగ్’ కార్యక్రమానికి పిలిస్తే హౌలిన్ వుల్ఫ్ కూడా ఉండాలని పట్టుబట్టారు. 54 ఏళ్ళ వుల్ఫ్ పాడుతుంటే ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నారు. అది గౌరవమే. అయితే అమెరికాలో పుట్టి అమెరికాలోనే పాడిన మనిషికి ఆ తలుపు తెరవడానికి ఇంగ్లండు తెల్లకుర్రాళ్ళ సిఫారసు ఎందుకు కావలసివచ్చింది? గౌరవం వేరు, వాటా వేరు.

రిచర్డ్స్ చెప్పే కథ ఒకటుంది. 1964 జూన్‌లో షికాగోలో చెస్ స్టూడియోకు పోతే మడ్డీ వాటర్స్ పైకప్పుకు రంగు వేస్తూ కనబడ్డాడట. అలాంటిదేం జరగలేదని యజమాని కొడుకు మార్షల్ చెస్ అంటాడు. యజమాని కొడుకు మాటనూ గుడ్డిగా నమ్మక్కర్లేదు. ఆ కథ అంతగా ఎందుకు చెల్లుబాటయింది అన్నదే నా ప్రశ్న. 1950లలోనే నల్లవాళ్ళ మార్కెట్లో వరసగా హిట్లు ఇచ్చి, 1958లోనే ఇంగ్లండు పోయి పాడివచ్చిన కళాకారుణ్ణి అది రంగులేసే కూలీగా చూపిస్తుంది. కూలిపని తక్కువదని కాదు. అతన్ని కిందికి దించితేనే కనుగొన్నవాళ్ళు ఎత్తుగా కనబడతారు.

1968లో ‘బెగ్గర్స్ బ్యాంక్వెట్’ ఆల్బమ్ వచ్చింది. అందులో ‘ప్రాడిగల్ సన్’ పాట నల్ల పాస్టరు రాబర్ట్ విల్కిన్స్‌ది. మొదట అచ్చయిన రికార్డుల మీద జాగర్, రిచర్డ్స్ పేర్లే ఉన్నాయి. తర్వాత సరిదిద్దారు.