చావు ఖర్చు

దయ్యం కథ అనగానే అర్ధరాత్రికీ మర్రిచెట్టుకీ సిద్ధపడి కూర్చునే పాఠకుణ్ణి ఈ రెండు నవలలూ పట్టపగలే పట్టుకుంటాయి. టోనీ మారిసన్ ‘బిలవ్డ్’ (1987) మనవాళ్ళు బాగానే చదివారు, చర్చించారు. బానిసత్వం తప్పించుకొచ్చి, ఇప్పుడు కార్నివాల్ చూసి ఇంటికొస్తున్న సెథేకి, ఏనాడో తన చేతుల్తో చంపుకున్న కూతురు వాకిట్లో మొద్దు మీద కూర్చుని కనిపిస్తుంది. మెక్సికో రచయిత హ్వాన్ రూల్ఫో 1955లో ప్రచురించిన ‘పేద్రో పారమో’ మన దగ్గర అంతగా తిరగలేదు. అందులోనూ ఎండే. మండే ఆగస్టులో, గాడిదలు తోలుకుపోతున్న అబుందియో వెంట హ్వాన్ ప్రెసియాదో కొమాలా ఊళ్ళోకి దిగుతాడు. కన్నుమూసేముందు తల్లి ఒట్టు వేయించుకుంది, తండ్రిని వెతికి మనకి రావలసింది రాబట్టమని. తండ్రి ఎప్పుడో పోయాడు. ఊరూ పోయింది. దారి చూపిన అబుందియో కూడా బతికున్నవాడు కాడు.

మారిసన్ దగ్గర చచ్చినవాళ్ళు బతికున్నవాళ్ళ ఇంటికొస్తారు. రూల్ఫో దగ్గరేమో బతికున్నవాడే చచ్చినవాళ్ళ ఊరికి వెళ్తాడు. వెళ్ళి, నవల సగానికి వచ్చేసరికి తానూ చచ్చిపోతాడు. ఇంతసేపూ మనకి చెబుతున్నాడనుకున్న కథని గోతిలో పక్కనున్న దొరొతేయాకి చెబుతున్నాడని అప్పుడు తెలుస్తుంది. మొదటిసారి చదివినవాళ్ళు వెనక్కి తిప్పి చూసుకోక మానరు.

మహాలయ పక్షాల్లో తర్పణం వదలాలంటే గోత్రంతో పాటు మూడు తరాల పేర్లు నోటికి రావాలి. సెథేకి తల్లి పేరే తెలియదు. తెలిసిందల్లా రొమ్ము కింద కాల్చి వేసిన ముద్ర, ఒక సున్నా, అందులో ఒక శిలువ. బానిసల్ని అమ్మి కొన్నచోట వంశం తెగిపోయింది. కొమాలాలో తెగడం కాదు, మితిమీరడం. భూస్వామి పేద్రో పారమో ఊరంతా పిల్లల్ని కన్నాడు. అబుందియో కూడా అతని కొడుకే. హ్వాన్ ఇంటిపేరు మాత్రం తల్లిది. ఒకచోట కన్నవాళ్ళ ఆనవాలు లేదు, ఇంకోచోట ఎటు చూసినా తండ్రే. అయినా రెండుచోట్లా బిడ్డ దిక్కులేనిదే.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే నన్ను ఆపేసేది భయం కాదు, చావు ఖర్చు. కూతురి సమాధి రాయి మీద ఏడక్షరాలు చెక్కించడానికి సెథే దగ్గర డబ్బు లేదు. రాయి చెక్కేవాడికి పది నిమిషాలు ఒళ్ళప్పగించింది. ఇంకో పది నిమిషాలు ఇచ్చి ఉంటే ఇంకో మాట కూడా చెక్కేవాడేమో అని తర్వాత ఆలోచిస్తుంది. నవల మొత్తంలో నాకు మింగుడుపడనిది ఆ లెక్క. అలాగే రూల్ఫో దగ్గర పూజారి రెంతేరియా, తన అన్నని చంపిన, అన్న కూతుర్ని చెరిచిన పేద్రో కొడుకు మిగెల్ పారమో శవాన్ని ఆశీర్వదించనంటాడు. పేద్రో బంగారు నాణేలు పెట్టేసరికి మనసు చంపుకుంటాడు. ఆత్మహత్య చేసుకున్న ఎదువీహెస్ కోసం ప్రార్థనలు చేయించమని వాళ్ళక్క ఏడుస్తూ వస్తే మాత్రం ఖర్చవుతుందంటాడు. ఆమె దగ్గర పైసా లేదు. హ్వాన్‌కి కొమాలాలో మొదటి రాత్రి బస ఇచ్చేది ఆ ఎదువీహెసే. గొణుగుళ్ళతో నిండిన ఆ ఊళ్ళో దయ్యాలెందుకున్నాయంటే రూల్ఫో చూపించే కారణాల్లో ఇదొకటి.

ఇద్దరికీ చరిత్ర అరువు తెచ్చుకోవలసిన పని లేదు. 1856లో గడ్డకట్టిన ఒహైయో నది దాటి బానిసత్వం నుంచి పారిపోయి, పట్టుబడేవేళ కూతుర్ని చంపుకున్న మార్గరెట్ గార్నర్ ఉదంతం మారిసన్‌కి మూలం. రూల్ఫోకి ఆరేళ్ళప్పుడు, 1923లో, తండ్రిని చంపేశారు.

దారులు వేరయ్యేది ఊరి దగ్గర. సెథే అత్తగారు బేబీ సగ్స్ పోయినప్పుడు పక్కవాళ్ళు సెథే పెట్టిన కూడు ముట్టలేదు, ఆమె వాళ్ళది ముట్టలేదు. చావింట్లో తినకపోవడం ఎంత పెద్ద మాటో మనకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ ఊరే, సెథే ఇంకో కూతురు డెన్వర్ గడప దాటి సాయమడిగాక, వాకిట్లో తిండి గిన్నెలు పెట్టి వెళ్తుంది. గిన్నె తిరిగిచ్చేందుకు కొన్నిటితో పేరు రాసిన కాగితం ముక్క కూడా. చివరికి ముప్ఫైమంది ఆడవాళ్ళు ఇంటిముందు చేరి పాడితేగానీ దయ్యం వదలదు. దానికెవరూ వెల కట్టలేదు. కొమాలాలో, పేద్రో ప్రాణంగా ప్రేమించిన సుసానా చనిపోయినప్పుడూ జనం చేరారు. రోజుల తరబడి మోగిన గంటలు విని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి, దాన్ని జాతర చేసేశారు. పేద్రో పగబట్టి చేతులు కట్టుకు కూర్చున్నాడు. ఊరు ఆకలితో పోయింది.

అందుకని రూల్ఫోది నిరాశ అనీ మారిసన్‌ది ఆశ అనీ తేల్చేవాళ్ళతో నాకు పేచీ. దయ్యం పోయాక మారిసన్ మనుషులు దాన్ని చెడ్డకలలా మరిచిపోతారు. ఆ మరుపుకి ఆమె సంతోషించదు. కొమాలాలో మరుపు లేదు. ప్రార్థన కొనలేని వాళ్ళు నేల కింద ఒకరి మాట ఒకరు వింటూనే ఉంటారు.