ద్వ్యర్థి కుదిరిన చోట, కుదరని చోట: ‘ది గ్రేట్ ఇండియన్ నావెల్’లో అధిక్షేపం

శశి థరూర్ ఆంగ్లంలో రాసిన ‘ది గ్రేట్ ఇండియన్ నావెల్’ 1989లో వెలువడింది. శ్లేష పేరులోనే ఉంది: ‘గ్రేట్’ అంటే మహా, ‘ఇండియన్’ అంటే భారతం. పద్దెనిమిది పర్వాలకు పద్దెనిమిది భాగాలు. కథ చెప్పేది వి.వి. అనే వృద్ధ రాజకీయవేత్త, రాసుకునేది గణపతి. భీష్ముడు ‘గంగాజీ’ పేరుతో గాంధీ అవుతాడు. ధృతరాష్ట్రుడు నెహ్రూ, పాండురాజు సుభాష్ చంద్ర బోస్, కర్ణుడు జిన్నా. ఉప్పు సత్యాగ్రహం మామిడిపండ్ల పన్నుపై యాత్రగా మారుతుంది. ఎవరి వెనుక ఎవరున్నారో కనిపెట్టడంతోనే పాఠకుడు తృప్తిపడిపోయే ప్రమాదం ఇలాంటి రచనలో ఎప్పుడూ ఉంటుంది. పొడుపుకథ విప్పిన తరువాత మిగిలేదేమిటన్నదే ఈ వ్యాసం పరిశీలించే విషయం.

ఒకే రచనలో రెండు కథలు నడవడం తెలుగు పాఠకులకు కొత్త కాదు. పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో రామకథా భారతకథా ఒకే పద్యంలో సాగుతాయి. అక్కడ పరీక్ష స్పష్టం: పద్యం రెండు వైపులా అన్వయించాలి. ఒక వైపు అర్థం కుంటుపడితే అది కవి లోపం. థరూర్ నవలను వచనంలో రాసిన ద్వ్యర్థిగా చదవవచ్చు. శ్లేష అక్కడ పదంలో ఉంది, ఇక్కడ సంఘటనలో ఉంది. అయితే అధిక్షేపానికి ఆ పరీక్ష తలకిందులవుతుందని నా అభిప్రాయం. రెండు కథలూ అతుకు కనబడకుండా కలిసిన చోట ఈ నవల చరిత్రను పోగొట్టుకుంటుంది. అవి కలవని చోటే అది మనకు తెలియనిదేదో చెబుతుంది.

గంగాజీ మరణఘట్టం మొదటి దానికి ఉదాహరణ. భీష్ముని పతనానికి కారణం అంబ పగ. ఆమె శిఖండిగా మారి వచ్చింది. నవలలోనూ అంతే: అపహరణకు గురై, ఇరువైపులా తిరస్కృతురాలైన అంబ పురుషుడిగా మారి గంగాజీని కాల్చి చంపుతుంది. ఇతిహాసంతో ఇంత చక్కగా పొసగిన ఘట్టాలు నవలలో తక్కువ. బ్రహ్మచర్యవ్రతానికి స్త్రీలు చెల్లించిన మూల్యాన్ని గాంధీ ముందు పెట్టడం ఇందులోని అధిక్షేపం. దానికి బలం లేదనలేం. కానీ 1948 జనవరి 30న జరిగింది రాజకీయ హత్య. దాని వెనుక ఒక భావజాలం ఉంది, దేశవిభజనపై ఆగ్రహం ఉంది, హంతకుడు న్యాయస్థానంలో చేసిన సమర్థన ఉంది. నవలలో అదంతా ఒక స్త్రీ వ్యక్తిగత పగలోకి కుదించుకుపోయింది. రాజకీయ అధిక్షేపం రాజకీయం అత్యవసరమైన చోటే దాన్ని వదిలిపెట్టింది. అన్వయం కుదిరినందువల్లనే పాఠకుడికి ఈ లోటు వెంటనే తోచదు.

ఇక ప్రియ దుర్యోధని. నూరుగురు కొడుకులకు బదులు గాంధారికి ఒక్క కూతురు పుడుతుంది. ఆమె ఇందిరా గాంధీ. ద్రౌపది కూడా ధృతరాష్ట్రుని కూతురే. చివరి వైస్రాయ్ భార్యతో అతనికున్న రహస్య సంబంధం వల్ల 1950 జనవరి 26న పుట్టి, మరొకరింట పెరిగిన ఆమె పూర్తి పేరు ద్రౌపది మొక్రసీ. మొదటి అక్షరంతో కలిపి చదివితే ‘డెమోక్రసీ’ వినిపిస్తుంది. ఈ శ్లేష మోటుగానే ఉంది. కానీ వ్యాసభారతంలో లేని ఒక బంధుత్వం దీనివల్ల ఏర్పడింది: దుర్యోధని, ద్రౌపది అక్కచెల్లెళ్లు. ప్రజాస్వామ్యమూ నియంతృత్వమూ ఒకే గుడ్డి తండ్రి సంతానమన్న ఈ కల్పనకు మూలంలో ఆధారం లేదు. నెహ్రూ యుగం మీద నవల చేసిన అత్యంత పదునైన వ్యాఖ్య మాత్రం ఇదే.

ఈ ద్రౌపది పాత్రకు నష్టం లేకపోలేదు. ‘తన్ను తాను ఓడినవాడికి నన్ను పణం పెట్టే హక్కుందా’ అని నిండుసభలో అడిగిన స్త్రీ ఇక్కడ ప్రధానంగా ఒక ప్రతీక. దేశంలో ప్రజాస్వామ్యం క్షీణిస్తే ఆమె ఆరోగ్యం క్షీణిస్తుంది. త్రిపురనేని రామస్వామి ‘శంబుకవధ’, రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ ఇతిహాసాన్నే బోనులో నిలబెట్టాయి. థరూర్ ప్రధానంగా దాన్ని కొలబద్దగా వాడి పాలకులను కొలిచాడు. కొలబద్దను ప్రశ్నించే అవసరం అతనికి అంతగా కలగలేదు, కాబట్టి ద్రౌపది ప్రశ్నకూ చోటు తగ్గింది.

అయినా చరిత్ర చివరికి ఆ కొలబద్దను విరిచింది. నవలలో కురుక్షేత్రమంటే అత్యవసర పరిస్థితి తరువాత 1977లో జరిగిన ఎన్నిక. భారతంలో తొడలు విరిగిన దుర్యోధనుడు మళ్లీ లేవడు. 1980లో మాత్రం ఓడిన దుర్యోధని ఓట్లతోనే తిరిగి వచ్చింది. ధర్మం గెలిచిందని చెప్పి కథ ముగించే వీలు వి.వి.కి లేకపోయింది. తాను ఇంతవరకు తప్పు దృష్టితో చెప్పానని, కథ మళ్లీ మొదటినుంచి చెప్పాలని అతడు గణపతికి చెబుతాడు.