రెండు కంపలు, రెండు లెక్కలు

తమిళనాడులోని గుడియాత్తం కౌండిన్య ఏటి గట్టు మీద, పాలారు ఇసుకలో సర్కారుకంప. తిరుపత్తూరు దాటి ఏలగిరి, జవ్వాది కొండలెక్కితే పులికంప. దీన్ని తమిళులు ఉణ్ణిచెడి అంటారు. మన నోటికి రెండూ కంపలే. రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. కానీ సంతతి పెంచుకునే తీరులో వాటికి పోలికే లేదు.

సర్కారుకంప కణంలో 56 క్రోమోజోములు. దాని దగ్గరి చుట్టాలకు రెండు సెట్లుగా 28 మాత్రమే. అంటే ఇది నాలుగు సెట్ల మొక్క. సరిసంఖ్య కనుక పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు వాటాలు కుదురుతాయి. చిక్కల్లా, తన పుప్పొడి తనకు చాలావరకు పనికిరాదు; పక్కచెట్టుది తేనెటీగ మోసుకురావాలి. ఇంత పరాధీనమైన చెట్టు ఏటిని ఎలా ఆక్రమించింది? అది వచ్చిన దారి చూడాలి. 1877లో మద్రాసు అటవీశాఖ విత్తనాలు తెప్పించి, మరుసటి ఏడు కడప జిల్లా కమలాపురంలో నాటించింది. కొమ్మ అంటుగా వచ్చి ఉంటే అన్నీ ఒకే చెట్టుకు నకళ్లయ్యేవి. గింజలుగా వచ్చింది కనుక జంటకు కొదవ లేకపోయింది. మిగతా పని మేకలు చేశాయి: తియ్యటి కాయలు తిని, పెంటికల్లో గింజలు చల్లాయి.

పులికంపను అడవిలో పుట్టిన ఒక జాతి అనడమే కష్టం. ఐరోపా తోటమాలులు పూల రంగుల కోసం పలు అమెరికా జాతులను కలిపి చేసిన సంకరం అది. 19వ శతాబ్దం తొలినాళ్లలో కలకత్తా తోటకు అలంకారంగా వచ్చింది. ఆ కలగాపులగం దాని లెక్కలోనే కనిపిస్తుంది. ఒక సెట్టుకు 11 క్రోమోజోములు; పొదను బట్టి 22, 33, 44, 55 కూడా ఉంటాయి. 33 ఉన్న పొద గొడ్డుబోవాలి, మూడు సెట్లను రెండు సమభాగాలు చేయడం కుదరదు కనుక. పుప్పొడి చాలావరకు చచ్చుదే. అయినా కొన్ని అండాలు సగం కావడం మానేసి మొత్తం క్రోమోజోములనూ అట్టిపెట్టుకుంటాయి. పుప్పొడి తగిలితే చాలు, తండ్రి వాటా కలవకుండానే గింజ కట్టగలవు. ఈ మొక్కకు లైంగిక, అలైంగిక దారులు రెండూ ఉన్నాయని వృక్షశాస్త్రజ్ఞులు ఖోషూ, మహల్ 1967లోనే రాశారు.

నాకు ఎక్కువ భయం పులికంపతోనే. సర్కారుకంపకు ఎక్కడ అడ్డుపడాలో తెలుసు: కాయ పండకముందే నరకాలి, మొద్దు మళ్లీ చిగురించకుండా వేరుతో పెకలించాలి. పులికంప విషయంలో సంఖ్యను నమ్ముకుంటే మోసపోతాం. మూడు సెట్ల రకం గింజ కట్టదన్న ధీమాతో కొండ మీద తోటకు కంచెగా నాటితే, చరియ మీది పొదల పుప్పొడిని దానికి చేర్చడానికి సీతాకోకచిలుకలున్నాయి, పండిన గింజను అడవికి మోయడానికి పిట్టలున్నాయి.