పత్రికారచయిత రా.రా.

రాచమల్లు రామచంద్రారెడ్డి గారి పేరు చెప్పగానే పలువురకు స్ఫురించునది విమర్శకుడే. ఆ విమర్శలోని కాఠిన్యమునకు మార్క్సిస్టు సిద్ధాంతమే మూలమనుట వాడుకయైనది. ఇది సగము సత్యమని నా తలంపు. ఆ సిద్ధాంతమును నమ్మిన విమర్శకులు తెలుగున మరికొందరును కలరు. వారి వాక్యము రా.రా. వాక్యమువలె నుండదు. ఈ భేదమునకు కారణమును ఆయన పత్రికావృత్తియందు వెదకవలసియున్నది.

రా.రా. 1922లో కడపజిల్లా పైడిపాలెమున జన్మించిరి. మదరాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చేరి, విద్యార్థుల సమ్మె కారణముగా చదువును మధ్యలోనే విడిచిరి. ఇంజనీరు కావలసినవారు పత్రికారచయితయైరి. కడపనుండి 'సవ్యసాచి'ని నడిపిరి. 1968లో 'సంవేదన' త్రైమాసికమును వెలువరించిరి. అది నిలిచినది స్వల్పకాలమే. అయినను మదరాసు, విజయవాడ, హైదరాబాదులకు దూరముగా, వానకు మొగము వాచిన సీమలోని యొక జిల్లాకేంద్రమునుండి వచ్చిన ఆ చిన్న పత్రిక పేరుమోసిన రచయితలను నిలదీసి ప్రశ్నించినది.

వ్రాతప్రతి చేతికి వచ్చినపుడు సంపాదకుడు అడుగునదేమి? ఇందు చెప్పినదేమి, దానికి ఆధారమేమి అనియే. రా.రా. సాహిత్యమును గూర్చియు నదే అడిగిరి. కె.వి. రమణారెడ్డిగారి 'మహోదయము'ను సమీక్షించునపుడు, రచయిత తమ భావవర్గమువారే యను మొగమాటము ఆయనకు లేదు. దిగంబరకవుల యెడలను అంతే. కాని వృత్తిదోషము బయటపడినదియు నిచ్చటనే. వార్తలో అస్పష్టత దోషము. కవిత్వమున ప్రతిసారియు కాదు. 1965 నాటి యువకులకు అంతటి కోపమేల అవసరమైనదో ఆయన తగినంత ఓపికతో విచారింపలేదని నాకు తోచుచున్నది.

1970 తరువాత కొన్నేండ్లు రా.రా. మాస్కో ప్రగతి ప్రచురణాలయమున అనువాదకులుగా నుండిరి. 'అనువాద సమస్యలు' గ్రంథమునకు ఆ యనుభవమే పెట్టుబడి యందురు. నేనింకను వెనుకకు పోయెదను. తెలుగు పత్రికారచయిత మొదటినుండియు అనువాదకుడే. ఇంగ్లీషున వచ్చిన తంతివార్తను గడువులోపల తెలుగు చేయవలసినవాడతడు. 'నిర్ణయము తీసికొనబడినది' వంటి వాక్యములు మన పత్రికలలో పుట్టినది ఆ తొందరలోనే. పరభాషావాక్యపు కట్టును దించరాదు, చదువరికి తెలుగే వినిపింపవలెనను రా.రా. పట్టుదల, ఆ తప్పులను దినదినమును చూచినవాని పట్టుదల. ఆయన వ్రాసినది వాడుకభాష. నా యీ వ్యాసభాషను చూచినచో ఎఱ్ఱసిరా తీసెడివారేమో!

తరగతిలో మనము 'సారస్వత వివేచన' (1976) చదివించెదము. 'అలసిన గుండెలు' (1960) కథాసంపుటిని విద్యార్థిచేతికిచ్చుట అరుదు. పరుల రచనలను తూచిన త్రాసులోనే ఆయన కథలను తూచిచూచుట పరిశోధకునకు తగిన పని. 'అనువాద సమస్యలు' మాట వేఱు. దానికి 1988 సంవత్సరపు కేంద్రసాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఆ యేడు నవంబరులోనే రా.రా. దివంగతులైరి. అకాడమీ దానిని విమర్శగ్రంథముగానే గుర్తించినది. మన విద్యార్థులు మాత్రము అనువాదకులకేదో ఉపయోగించు పుస్తకమనుకొని ప్రక్కన పెట్టుచున్నారు.