పిడింగ్‌టన్ ‘సెయిలర్స్ హార్న్‌బుక్’ – ఒక పరిశీలన

సముద్రయానాలను, ఓడల మునకలను గూర్చిన పూర్వగ్రంథాలను సాధారణంగా సాహసకథలుగా చదువుతారు. హెన్రీ పిడింగ్‌టన్ 1848లో ప్రకటించిన ‘సెయిలర్స్ హార్న్‌బుక్’ అట్టి కథల నుండి శాస్త్రాన్ని రాబట్టిన గ్రంథం. ‘సైక్లోన్’ అను పదాన్ని వాడుకలోనికి తెచ్చినది ఇదే. చుట్టచుట్టుకొన్న పామును స్ఫురింపజేయు గ్రీకుమాట దానికి మూలం. కోరంగి మొదలు దివిసీమ వరకు ఉప్పెనల బారినపడిన తీరవాసులు ఈ గ్రంథపు గుణదోషాలను తెలిసికొనుట అవసరం.

పిడింగ్‌టన్ మొదట వర్తకనౌకల కెప్టెను. తరువాత కలకత్తాలో ఓడప్రమాదాలను విచారించు న్యాయస్థానానికి అధ్యక్షుడు. ఓడలోని ‘లాగ్’ పుస్తకంలో గాలి దిక్కు, భారమితి మట్టం వేళలతో సహా వ్రాసి ఉంటాయి. ఒకే తుపానులో చిక్కిన పలు ఓడల లాగ్‌లను ఒక్క పటంపై చేర్చి, ఆయన తుపాను కేంద్రాన్ని, అది నడచిన దారిని గుర్తించినాడు. ఒక్క నావికుని మాటను కథ అనవచ్చును. పదిమంది మాటలు ఒకే బిందువును చూపినచో అది సాక్ష్యమగును. 1845లో మారిషస్ సమీపాన ‘చార్లెస్ హెడిల్’ అను ఓడ గాలివెంట పరుగెత్తి, కేంద్రంచుట్టు మరల మరల తిరిగిన ఉదంతం దీనికి చక్కని నిదర్శనం. పటంపై పరచి చూచుటకు పారదర్శకమైన కొమ్ము రేకులను గ్రంథంతో జతచేసినాడు.

అయితే ఇందులో లోపాలు లేకపోలేదు. గాలి కేంద్రంచుట్టు ఇంచుమించు వృత్తాకారంగా తిరుగునని పిడింగ్‌టన్ భావించినాడు. ఆ లెక్కన మన అర్ధగోళంలో గాలికి ఎదురుగా నిలిచినవానికి కేంద్రం సరిగా కుడిచేతివైపు ఉండవలెను. నిజానికి గాలి 20 నుండి 30 డిగ్రీల మేర లోనికి వంగును. నేలమీద ఆ వంపు ఇంకను హెచ్చు. తోట్లవల్లూరులో ఈశాన్యపు గాలి వీచుచున్నదనుకొందాం. పాత నియమం ప్రకారం కేంద్రం ఆగ్నేయాన, బందరుకు అవనిగడ్డకు నడుమ ఉన్న దిశలో ఉండును. వంపును లెక్కించినచో అది మరింత దక్షిణానికి జరిగి అవనిగడ్డ దిక్కున తేలును. నడిసముద్రంలో ఇంతటి భేదం ఓడ ప్రాణానికే ముప్పు.

రెండవ లోపం ఆధారాలకు సంబంధించినది. మునిగిన ఓడలతోపాటు వాని లాగ్‌లలో అధికభాగం మునిగిపోయినవి. కేంద్రానికి మిక్కిలి చేరువైన ఓడల సాక్ష్యమే అందుచేత కొరతపడినది. బ్రతికి బయటపడినవారి అనుభవం మొత్తం అనుభవం కాదని ప్రతి విజ్ఞానశాస్త్ర విద్యార్థి గుర్తించవలెను.

మూడవది, తీరవాసుల మాట. ఉప్పెనను పిడింగ్‌టన్ విస్మరింపలేదు. మాతలా నదిపై తలపెట్టిన రేవుకు ప్రమాదం కలదని 1853లోనే హెచ్చరించినాడు. 1867లో ఆ రేవు ఉప్పెన పాలైనది. కాని గ్రంథం ఓడ కెప్టెనుల కొరకు వ్రాసినది. ఆయన 1858లో మరణించినాడు. 1864 నవంబరు 1న బందరులో సుమారు 30,000 మంది మృతిచెందిరి. ఓడకు లాగ్ ఉన్నట్లు ఊరికి లాగ్ ఏదీ లేదు.

ఈ కొరతను కొంతవరకు తీర్చుటకు ఆయన పద్ధతియే ఉపకరించును. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను చూచినవారు నేటికీ ఉన్నారు. ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు విద్యార్థులచేత ఊరూరా వారిని అడిగించి, నీరు వచ్చిన వేళ, గోడపై దాని ఎత్తు, గాలి మారిన దిక్కు వ్రాయించి, ఒకే పటంపై చేర్పించవచ్చును. జ్ఞాపకాలు పరస్పరం విభేదించిన చోట్లను తుడిచివేయక అట్లే గుర్తించవలెను. చూచినవారి సంఖ్య ఏటేటా తగ్గుచున్నది గనుక ఈ పనిని ఆలస్యం చేయరాదు.