గుమ్మం ముందు సంతకం

సంతకాలు సేకరించడం ఎవరైనా చేయగల పనేనని చాలామంది అనుకుంటారు. ఒక అట్ట, దానికి బిగించిన కాగితం, దారంతో కట్టిన పెన్ను ఉంటే చాలంటారు. మా కాలనీ చెరువును పూడ్చకుండా ఆపడానికి, బడి పక్కన వెలసిన వైన్ షాపును ఎత్తేయించడానికి నేనూ అలా అట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. తలుపు తీసిన మనిషి మన మాట వినకముందే మనం ఎవరి తాలూకో తేల్చుకునే పనిలో ఉంటాడని ఆ తిరుగుడులో తెలిసింది. "ఏ పార్టీ తరఫున వచ్చారు?" అన్నది మొదటి ప్రశ్న. "రేపు మా మీదికేమైనా వస్తుందా?" అన్నది రెండోది. ఇల్లాలు తలుపు తీస్తే "మా ఆయన్ని అడిగి చెబుతానండీ" అన్నమాట. వీటన్నిటికీ గుమ్మంలోనే నిలబడి, విసుక్కోకుండా, అబద్ధమాడకుండా జవాబు చెప్పగలగడమే ఇందులో పనితనం. చెరువంటే ఎదురుగా కనిపిస్తుంది కాబట్టి చెప్పడం తేలిక. అణుబాంబు వద్దు, ఇక్కడ సంతకం పెట్టండి అని ఒక గృహిణిని ఏ మాటతో అడగాలి?

నాకు తెలిసినంతలో దీనికి అందరికన్నా గొప్ప జవాబు చెప్పినవాళ్లు టోక్యోలోని సుగినామి వార్డు ఆడవాళ్లు. 1954లో వాళ్లు బాంబు సంగతిని చేప దగ్గర మొదలుపెట్టారు.

ఆ ఏడాది మార్చి 1న అమెరికా పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల్లో ఒక హైడ్రోజన్ బాంబును పేల్చింది. దాని శక్తి 15 మెగాటన్నులు. శాస్త్రవేత్తలు వేసిన అంచనాకు రెండున్నర రెట్లు, హిరోషిమా మీద వేసిన బాంబుకు దాదాపు వెయ్యి రెట్లు. ప్రమాద ప్రాంతమని ప్రకటించిన హద్దుకు బయటే ట్యూనా చేపలు పడుతున్న 'దాయిగో ఫుకుర్యూ మారు' అనే చెక్క పడవ మీద కొన్ని గంటలపాటు తెల్లటి బూడిద కురిసింది. పడవలో 23 మంది ఉన్నారు. మార్చి 14న యైజు రేవుకు చేరేసరికే వాళ్ల ఒళ్లు కమిలిపోయింది, ఆ తర్వాత జుట్టు ఊడిపోసాగింది. రెండు రోజుల తర్వాత 'యోమియురి' పత్రిక ఈ వార్త వేసింది. అప్పటికే ఆ పడవలోని చేపలు బజారుకెక్కాయి.

జపాన్‌లో చేప పండగ వంట కాదు, రోజూ కంచంలోకి వచ్చే తిండి. టోక్యోలోని త్సుకీజీ మహా మార్కెట్‌లో గొయ్యి తవ్వి ట్యూనాను పాతిపెట్టారు. అధికారులు గైగర్ కౌంటర్లు పట్టుకుని చేపల బుట్టల మధ్య తిరిగారు. 'అణు ట్యూనా' మేం కొనడం లేదని దుకాణాల ముందు కాగితాలు అంటించుకున్నా కొనేవాడు లేడు. ఆ ఏడాది చివరికల్లా ఎనిమిది వందలకు పైగా పడవల చేపను పారబోయాల్సి వచ్చింది. వానాకాలం రాకముందే కురిసిన జల్లుల్లో కూడా రేడియోధార్మికత కనిపించింది. పిల్లల్ని వానలో తడవనివ్వాలా, కూరగాయలు ఎన్నిసార్లు కడగాలి, చేప బదులు ఏం పెట్టాలి? తల్లులు ఒకరినొకరు అడుగుతున్న మాటలివి. హైడ్రోజన్ బాంబు మీద చర్చ ఈ మాటల్లోంచే పుట్టింది.

సుగినామిలో అప్పటికే ఆడవాళ్ల చదువుల బృందం ఒకటి ఉంది. వార్డు గ్రంథాలయానికీ, ప్రజల సమావేశ మందిరానికీ అధిపతిగా ఉన్న యాసుయి కావొరు దాన్ని నడిపేవాడు. ఆయన అంతర్జాతీయ న్యాయశాస్త్రం చెప్పిన ఆచార్యుడు, అమెరికా ఆక్రమణ కాలంలో టోక్యో విశ్వవిద్యాలయం నుంచి తొలగింపబడ్డవాడు. ఆ ఇల్లాళ్లు ఆయన దగ్గర కూర్చుని ఇ. హెచ్. కార్ రాసిన 'ది న్యూ సొసైటీ' చదివేవారు. వంట ముగించుకుని వచ్చి చరిత్రకారుడి పుస్తకాన్ని పేరా పేరాగా చదువుకునే ఆడవాళ్ల గురించి తలుచుకుంటే నాకు మన దూబగుంట గుర్తొస్తుంది. నెల్లూరు జిల్లాలో అక్షరాలు దిద్దుకోవడానికి రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లే 1992లో సారా కొట్ల మీదికి నడిచారు. వాచకంలో తమ కథే కనిపించింది వాళ్లకు. మరుసటి ఏడాది అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. నలుగురు ఆడవాళ్లు కలిసి చదవడం మొదలుపెట్టాక ఆ ఊరి మగ పెత్తనం ఎక్కడైనా కాస్త జాగ్రత్త పడాల్సిందే.

ఏప్రిల్‌లో ఆ మందిరంలో జరిగిన ఆడవాళ్ల సమావేశంలో ఒక చేపల దుకాణం ఆవిడ లేచి నిలబడింది. తమ బతుకు మీద పడ్డ దెబ్బ గురించి చెప్పి, చేపల వ్యాపారులు మొదలుపెట్టిన సంతకాల సేకరణలో చేయి కలపమని అడిగింది. వార్డు సభ కూడా ఏప్రిల్ 17న హైడ్రోజన్ బాంబులకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. మే 9న అన్ని సంఘాల వాళ్లూ కలిసి సంతకాల ఉద్యమ సమితి ఏర్పాటు చేసుకున్నారు.

పనితనం కనిపించేది ఇక్కడే. కాగితం మీద ఏం రాయాలి? అణ్వస్త్రాలను నిషేధించాలంటూ నాలుగేళ్ల క్రితం వచ్చిన స్టాక్‌హోమ్ విజ్ఞప్తి మీద కమ్యూనిస్టు ముద్ర పడింది కాబట్టి ఇది కూడా అలాంటిదేనన్న మాట వస్తే సగం తలుపులు మూసుకుపోతాయి. అందుకని వాళ్లు ఏ పార్టీ ఊసూ తీసుకురాలేదు. ఏ దేశం పేరూ రాయలేదు. అందరం కలిసి హైడ్రోజన్ బాంబును వద్దందాం, ప్రపంచ ప్రభుత్వాలకూ ప్రజలకూ చెబుదాం, మనుషుల ప్రాణాన్నీ సుఖాన్నీ కాపాడుకుందాం. కాగితం సారాంశం ఇంతే. బాంబు పేల్చింది అమెరికా అని జపాన్‌లో పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా పేరు తీయకపోవడాన్ని పిరికితనంగా చూసినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నేను వాళ్లతో ఏకీభవించను. పేరు రాయని కాగితం ఎవరినీ విడిచిపెట్టదు. అమెరికా బాంబుకెంత వర్తిస్తుందో, అంతకు ముందు ఏడాది హైడ్రోజన్ పరీక్ష జరిపామని ప్రకటించిన సోవియట్ బాంబుకూ అంతే వర్తిస్తుంది. రేపు ఎవరైనా చేసుకోబోయే బాంబుకూ వర్తిస్తుంది.

ఇల్లాళ్లు, చేపల వర్తకులు, వైద్యులు ఎవరి పరిధిలో వాళ్లు తిరిగారు. దాదాపు 3,90,000 జనాభా ఉన్న వార్డులో రెండు నెలలు తిరగకముందే 2,60,000కు పైగా సంతకాలు వచ్చాయి. ఆ వేసవిలోనే ఉద్యమం దేశమంతా పాకింది. ఆ ఏడాది చివరికి సంతకాలు రెండు కోట్లు దాటాయి, 1955 ఆగస్టు నాటికి మూడు కోట్లు దాటాయి. అప్పటికి జపాన్ జనాభా తొమ్మిది కోట్ల లోపే. ఫుకుర్యూ మారు పడవ రేడియో ఆపరేటర్ కుబొయామా ఐకిచి 1954 సెప్టెంబరు 23న ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆ చావు విన్నాక కలం తీసినవాళ్లు ఎందరో.

ఈ కదలిక వల్ల జరిగిన మేలు ఇంకొకటుంది, నా లెక్కలో అన్నిటికన్నా పెద్దది అదే. హిరోషిమా, నాగసాకి బాధితులు ఆక్రమణ కాలపు పత్రికా ఆంక్షల వల్లా, చుట్టుపక్కల వాళ్ల చిన్నచూపు వల్లా దాదాపు పదేళ్లు నోరు కట్టేసుకుని బతికారు. 1955 ఆగస్టు 6న హిరోషిమాలో జరిగిన మొదటి అణుబాంబు వ్యతిరేక ప్రపంచ మహాసభలో వాళ్లు వేదిక ఎక్కి మాట్లాడారు. మరుసటి ఏడాది వాళ్ల సంఘం 'హిదాంక్యో' నాగసాకిలో పుట్టింది. 2024 నోబెల్ శాంతి బహుమతి దానికే వచ్చింది.

అయితే సంతకాలన్నిటి గతీ ఒకేలా ఉండలేదు. బికినీ బూడిద జపాన్ జాలర్ల మీదే కాదు, మార్షల్ దీవుల జనం మీద కూడా కురిసింది. అక్కడి రొంగెలాప్ దీవి పిల్లలు దానితో ఆడుకున్నారు. రెండు రోజులు దాటాక గానీ వాళ్లను అక్కడినుంచి తరలించలేదు. సుగినామి సమితి పుట్టకముందే, 1954 ఏప్రిల్ 20న, మార్షల్ దీవుల వాళ్లు ఐక్యరాజ్య సమితికి సంతకాలతో విజ్ఞప్తి పంపారు. పరీక్షలు ఆపమన్నారు. భూమి తమకు పంట పండించుకునే చోటు మాత్రమే కాదు, తమ బతుకే అదని చెప్పుకున్నారు. వాళ్ల దీవులు ఐక్యరాజ్య సమితి ధర్మకర్తృత్వం కింద అమెరికా పాలనలో ఉండేవి. ఫిర్యాదు వినాల్సిన వాళ్లలో బాంబు పేల్చిన దేశం కూడా ఉంది. 1946 నుంచి 1958 దాకా అక్కడ మొత్తం 67 పరీక్షలు జరిగాయి. ఆ విజ్ఞప్తిని ఎవరూ ప్రపంచమంతా మోయలేదు. న్యాయం మీద మక్కువ ఉన్న ఎవరికైనా ఇది గుచ్చుకోవాలి.

జపాన్ ఉద్యమం కూడా చీలింది. 1961లో సోవియట్ యూనియన్ మళ్లీ పరీక్షలు మొదలుపెట్టింది. అప్పటిదాకా కలిసి నడిచినవాళ్లలో కొందరు ఏ దేశపు పరీక్షనైనా ఖండించాలన్నారు. సోషలిస్టు దేశాల బాంబు శాంతి కోసం కదా అని మరికొందరన్నారు. 1963 మహాసభ ఈ తగాదాలోనే పగిలింది, రెండేళ్లకు వేరు కుంపటి వెలిసింది. పార్టీ పెద్దలు వాదించుకుంటుంటే, చేపల కొట్ల ముందు నిలబడి సంతకాలు సేకరించిన ఆడవాళ్లు వెనక్కి జరిగారు. ఏ దేశం పేరూ రాయని ఆ మొదటి కాగితాన్ని ఆ పెద్దలు ఒక్కసారి తీసి చదువుకుని ఉంటే బాగుండేది.

ఎదుటివాడి బాంబుకు వ్యతిరేకంగా సంతకం అడగడం కష్టమే, కానీ అంతకన్నా కష్టం మన బాంబును కూడా కలిపి అడగడం. 1954 ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో అణు పరీక్షలన్నీ నిలిపేయాలని కోరినప్పుడు మనకు బాంబు లేదు. 1998 మేలో మనమే అణు పరీక్షలు జరిపాక ఆ మాట అనడం ఎంత బరువో తెలిసింది. ఆ ఆగస్టు 6కు హైదరాబాద్‌లో మేం కొందరం కాగితాలు పట్టుకుని తిరిగాం. ఈ నగరానికి బాంబు ఎక్కడో దూరాన ఉన్నదేమీ కాదు. అగ్ని క్షిపణి రూపుదిద్దుకున్నది ఇక్కడి కంచన్‌బాగ్ ప్రయోగశాలల్లో. అణు క్షిపణులు మోసే అరిహంత్ జలాంతర్గామి 2009లో నీళ్లలోకి దిగింది విశాఖపట్నంలో. ఆ ఉద్యోగాలతో ఇల్లు కట్టుకున్నవాళ్లు, పిల్లల్ని చదివించుకున్నవాళ్లు మన పక్కింటివాళ్లే.

అలాంటి ఒక పెద్దాయన గుమ్మంలో నన్ను చాలాసేపు నిలబెట్టారు. "బాబూ, ఇదే కాగితం పట్టుకుని పాకిస్తాన్‌లో ఎవరైనా తిరుగుతున్నారా?" అన్నారు. తిరుగుతున్నారండీ, అన్నాను. పాకిస్తాన్ చాగైలో జరిపిన అణు పరీక్షలను అక్కడి భౌతిక శాస్త్రవేత్త పర్వేజ్ హుద్‌భాయ్ లాంటివాళ్లు బహిరంగంగా ఎదిరించారు, మనకన్నా ఎక్కువ బెదిరింపుల మధ్య. కాగితంలో "అన్ని దేశాలూ" అని ఉందని వేలుపెట్టి చూపించాను. ఆయన రెండుసార్లు చదివారు. సంతకం పెట్టలేదు. దాన్ని నేను ఓటమిగా లెక్కపెట్టను. జీవితమంతా ఆ పనికే ఇచ్చిన మనిషి, ఆ బాంబు పడితే అవతలి ఊళ్లో ఏమవుతుందన్న దాని గురించి ఒక అపరిచితుడితో మాట్లాడారు. కంప్యూటర్ తెర మీద ఒక్క వేలితో నొక్కే సంతకానికి ఆ మాటలు రావు.

సంతకాలతో బాంబులు ఆగుతాయా అని అడిగేవాళ్లకు చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఇదీ. 1963లో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలు మానేస్తూ ఒప్పందం చేసుకున్నాయి. సుగినామి నుంచి అమెరికాలోని సెయింట్ లూయిస్ దాకా తల్లులు రేడియోధార్మికత చేరిన పాల గురించి, పిల్లల దంతాల గురించి, చేపల గురించి ఏళ్ల తరబడి అడుగుతూ ఉండకపోతే ఆ ఒత్తిడి వచ్చేది కాదని నేను నమ్ముతాను. హిబాకుషాల (అణుబాంబు బాధితుల) పేరుతో 2016లో మొదలైన విజ్ఞప్తి మీద కోటీ ముప్పై ఏడు లక్షల సంతకాలు ఐక్యరాజ్య సమితికి చేరాయి. ఆ మధ్యలోనే, 2017లో, 122 దేశాలు అణ్వస్త్రాల నిషేధ ఒప్పందానికి ఓటు వేశాయి. 2021 జనవరి 22 నుంచి అది అమల్లో ఉంది. భారతదేశం దాని మీద సంతకం పెట్టలేదు. పాకిస్తాన్ పెట్టలేదు. అణ్వస్త్రాలున్న తొమ్మిది దేశాల్లో ఒక్కటీ పెట్టలేదు. ప్రపంచంలో ఇప్పటికీ పన్నెండు వేలకు పైగా వార్‌హెడ్లు ఉన్నాయి.

సుగినామి వార్డు సభ చేసిన తీర్మానం లాంటిది మన మున్సిపల్ కౌన్సిలూ చేయవచ్చు, గ్రామసభా చేయవచ్చు. దానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. వచ్చే ఆగస్టు 6లోగా మీ వీధిలో ఓ పది ఇళ్ల తలుపు తట్టండి. కాగితం మీద ఏ దేశం పేరూ రాయకండి, ఏ దేశాన్నీ వదలకండి. ఆ సంతకాలు మీ వార్డు సభ్యుడి చేతిలో పెట్టి, తీర్మానం ప్రవేశపెట్టమని అడగండి.